సిడ్నీ బెజ్జం, కాంటన్ గాట్లు

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఏ రేవులో దిగినా చెల్లిన నాణెం ఒకటుంది. దాన్ని ముద్రించింది ఇంగ్లండు కాదు, చైనా కాదు, మన కంపెనీ దొరలూ కాదు. మెక్సికో, లిమా, పొటోసీ టంకశాలల్లో స్పెయిన్ రాజు పేరు మీద అచ్చయిన ఎనిమిది రియాళ్ళ నాణెం అది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని స్పానిష్ డాలరన్నారు. సుమారు 27 గ్రాముల బరువు, అందులో ఇంచుమించు పదింట తొమ్మిది పాళ్ళు వెండి. అమెరికా ఖండపు గనుల్లో పుట్టి అటు అట్లాంటిక్ మీదుగా, ఇటు పసిఫిక్ మీదుగా మనీలా దాకా నడిచిన ఆ బిళ్ళను కాదన్న వర్తకుడు ఎక్కడా లేడు.

అది చేరిన ఊళ్ళలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలన్నది నా కోరిక. ఒకటి న్యూ సౌత్ వేల్స్ వలసకు కేంద్రమైన సిడ్నీ. రెండోది పాశ్చాత్యుల సముద్ర వ్యాపారానికి 1757 నుంచి 1842 దాకా చైనాలో తెరిచి ఉన్న ఒకే రేవు, కాంటన్. ఈ రెండు చోట్లా పరాయి రాజు బొమ్మ ఉన్న వెండిని వచ్చింది వచ్చినట్టు వాడుకుని ఊరుకోలేదు, దాని మీద మళ్ళీ ముద్ర వేశారు. అయితే సిడ్నీలో ఆ ముద్ర వేయించింది గవర్నరు, కాంటన్‌లో వేసింది అంగడి మనిషి. సిడ్నీలో నాణెం నడుమ బెజ్జం పడింది, కాంటన్‌లో రాజు ముఖం నిండా గాట్లు పడ్డాయి.

ఇలాంటి పైముద్ర తెలుగు పాఠకుడికి కొత్త కాదు. నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 1906లో దొరికిన వెండి నాణేల రాశి గురించి శాతవాహనుల పాఠంలో చదువుకున్నాం. నహపాణుడి నాణేలు 13,000కు పైగా దొరికితే, వాటిలో 9,000కు పైబడిన వాటి మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన కొండ గుర్తు, ఉజ్జయినీ గుర్తు కొట్టించాడు. ఓడిన రాజు ముఖం అడుగున లీలగా కనిపిస్తూనే ఉంటుంది, గెలిచిన రాజు గుర్తు దాని మీద కూర్చుంటుంది. సిడ్నీ డాలరు ఈ వంశానిది. అలాగే షరాబు కూడా మనకు కొత్తవాడు కాదు. రూపాయి చేతికి రాగానే రాతి మీద మోగించి, చెవి పెట్టి విని, అనుమానమొస్తే చిన్న గాటు పెట్టి, ఆర్కాటు రూపాయికి ఇంత, అరిగిన సిక్కాకు ఇంత అని వట్టం కట్టినవాడు అతడే. మన పాత రూపాయల మీద అక్కడక్కడా కనబడే చుక్కలూ చంద్రవంకలూ అతని చేతివే. కాంటన్ డాలరు ఈ వంశానిది. కాకపోతే శాతకర్ణి ముద్రను మనకు గర్వంగా పాఠం చెప్పారు, షరాబు గాటును ఎవరూ చెప్పలేదు. రాజు కొడితే చరిత్ర, షరాబు కొడితే నాణేనికి తగిలిన దెబ్బ అన్న ఈ పంక్తిభేదం నాణేల గురించి రాసేవాళ్ళలో ఇప్పటికీ పోలేదు. దాన్ని పక్కకు పెట్టి రెండింటినీ ఒకే శ్రద్ధతో చూస్తేనే ఈ పోలికకు అర్థం.

ముందు సిడ్నీ. 1788లో ఖైదీల వలసగా మొదలైన ఆ నేలకు సొంత డబ్బంటూ లేదు. ఓడలు తెచ్చిన నాణేలు, ఓడల్లో వచ్చిన సరుకు కొనడానికి మళ్ళీ ఆ ఓడలే ఎక్కి వెళ్ళిపోయేవి. చేతిరాత చీటీలు నడిచాయి, ధాన్యం నడిచింది, అన్నిటికన్నా ఎక్కువగా రమ్ము నడిచింది. కూలికీ భూమికీ కూడా సారాయే చెల్లింపు. 1800 నవంబరులో గవర్నర్ ఫిలిప్ గిడ్లీ కింగ్ ఒక ప్రకటన చేసి, వలసలో దొరికే ప్రతి దేశపు నాణేనికీ ధర కట్టాడు. ఆ జాబితా చదువుతుంటే మనవాళ్ళ పేర్లు తగులుతాయి. గినీ, పోర్చుగీసు జొహానా, డచ్చి గిల్డరుల వరసలోనే వరహా 8 షిల్లింగులు, రూపాయి 2 షిల్లింగుల 6 పెన్నీలు, బంగారు మొహరు 1 పౌను 17 షిల్లింగుల 6 పెన్నీలు. కోరమండల్ తీరంలో పెళ్ళి కట్నాలకూ శిస్తు కిస్తీలకూ చెల్లిన వరహాకు సిడ్నీలో సర్కారు ధర ఉండేదంటే, ఆ వలస ఎంతగా హిందూ మహాసముద్రపు వర్తకం మీద బతికిందో తెలుస్తుంది. స్పానిష్ డాలరుకు కట్టిన ధర 5 షిల్లింగులు. ఇంత ధర కట్టినా నాణేలు మాత్రం నిలవలేదు.

1810 జనవరిలో గవర్నరుగా పగ్గాలు పట్టిన లాక్లన్ మాక్వారీ ఈ చిక్కును చూసిన తీరు వేరు. ఆయన అంతకుముందు భారతదేశంలో చాలా ఏళ్ళు సైన్యంలో పనిచేశాడు, 1792లోనూ 1799లోనూ శ్రీరంగపట్నం ముట్టడుల్లో ఉన్నాడు. ఊరూరికీ నాణెం మారి, మారిన ప్రతిచోటా వట్టం పోయే దేశంలో జీతం తీసుకున్న మనిషి. ఆయన కోరిక మీద బ్రిటిష్ ప్రభుత్వం 10,000 పౌన్ల విలువైన డాలర్లు పంపడానికి ఒప్పుకుంది. అవి లండన్ నుంచి రాలేదు. మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ నుంచి 40,000 స్పానిష్ డాలర్లు సమరాంగ్ అనే నౌకలో బయల్దేరి 1812 నవంబరు 26న సిడ్నీ చేరాయి.

వాటిని అలాగే పంచిపెడితే తొలి ఓడతోనే తిరిగి వెళ్ళిపోతాయని మాక్వారీకి తెలుసు. అందుకని ప్రతి డాలరు నడుమ గుండ్రంగా ముక్క తీయించాడు. మిగిలిన వలయం ఒక నాణెం, తీసిన ముక్క ఇంకో నాణెం. వలయానికి ఒక వైపు బెజ్జం చుట్టూ న్యూ సౌత్ వేల్స్ అనీ 1813 అనీ, రెండో వైపు ఐదు షిల్లింగులనీ ముద్ర. ముక్కకు ఒక వైపు కిరీటం, రెండో వైపు పదిహేను పెన్నీలన్న ధర. వలయం చుట్టూ స్పెయిన్ రాజు పేరూ బిరుదూ చెక్కుచెదరకుండా మిగిలాయి, ముఖం మాత్రం నడుమన తెగిపోయింది. ఈ పనికి దొరికినవాడు విలియం హెన్షాల్ అనే పనివాడు, నకిలీ నాణేల నేరానికే 7 ఏళ్ళ శిక్ష పడి వలసకు వచ్చినవాడు. పనిముట్లు తయారు చేసుకుని, అచ్చులు చెక్కి, పాడైనవి పక్కన పెట్టి, ఏడాదికి పైగా శ్రమపడి 39,910 వలయాలు, అన్నే ముక్కలు తేల్చాడు. కొన్నిటి మీద తన పేరులోని మొదటి అక్షరాన్ని కూడా చిన్నగా చెక్కుకున్నాడు.

కాంటన్ కథలో ఇలాంటి గవర్నరు లేడు, ఇలాంటి తేదీ లేదు. ఛింగ్ వంశపు చక్రవర్తులు రాగి కాసులు పోయించారు గాని సామాన్య చెలామణికి వెండి నాణెం ముద్రించలేదు. వెండి అంటే అక్కడ బరువు, వన్నె. కరిగించి పోసిన ముద్దలు టేళ్ళ లెక్కన తూగేవి. అటువంటి అంగట్లోకి స్పానిష్ డాలరు వచ్చినప్పుడు దాన్నీ మొదట ఒక వెండి ముక్కగానే చూశారు. డాలరుకు 0.72 టేలు అన్నది ఆ లెక్కల్లో స్థిరపడిన తూకం. నాణెం మీది రాజెవరో, ఆయన ఏ దేశం ఏలుతున్నాడో ఆ అంగడికి అక్కర్లేదు. కావలసింది ఒక్కటే: ఇది నిజంగా వెండేనా?

అనుమానానికి కారణాలు గట్టివే. నాణెం అంచు నుంచి లోపల తొలిచి వెండి తీసేసి సీసమో రాగో నింపి మళ్ళీ అతికే పనివాళ్ళు ఉండేవారు. స్పెయిన్ సర్కారు కూడా పూర్తిగా నమ్మదగ్గది కాదు. 1772లో, మళ్ళీ 1786లో రహస్య ఉత్తర్వులతో వెండి పాలు కాస్త కాస్త తగ్గించింది, నాణెం చూడటానికి మాత్రం అంతే ఉంది. అందుకని కాంటన్‌లోని ప్రతి కొఠీకీ ప్రతి అంగడికీ నాణెం ఎంచేవాడు ఒకడుండేవాడు. విదేశీ వర్తకులు వాళ్ళను షరాబులనే పిలిచారు. మంచీ చెడూ నాణేలు కలిపి వేళ్ళ మధ్య తిప్పించి, మోత వినిపించి కుర్రవాళ్ళకు ఈ విద్య నేర్పే చోట్లు ఆ ఊళ్ళో ఉండేవి. ఎంచేవాడు బాగుందన్న నాణెం మీద తన అంగడి అక్షరమో గుర్తో చిన్న ఉలితో కొట్టేవాడు. గాటు లోతుగా దిగితే లోపలి లోహం బయటపడుతుంది, అది పరీక్ష. గుర్తు నిలిచిపోతుంది, అది పూచీ. తర్వాత ఆ నాణెం ఇంకో అంగడికి పోతే అక్కడివాడూ తన గుర్తు కొట్టేవాడు. హుండీ వెనకవైపు చేయి మారినప్పుడల్లా ఒక సంతకం చేరినట్టు, డాలరు మీద చేయి మారినప్పుడల్లా ఒక గాటు చేరింది. కొన్ని నాణేల మీద రాజు ముక్కు, కన్ను, బిరుదు ఏవీ కనబడవు. దెబ్బలకు నాణెం మధ్యకు వంగి గిన్నెలా అవుతుంది. ఇంకా కొడితే పగిలిపోతుంది. పగిలినా నష్టం లేదు, ముక్కలను తూచి పుచ్చుకునేవారు.

ఇక్కడికి రెండు ముద్రల స్వభావం తేటపడుతుంది. సిడ్నీ ముద్ర ఒక ఆజ్ఞ. ఇది ఇక్కడ ఇంతకు చెల్లుతుంది అని చెబుతుంది. కాగా కాంటన్ ముద్ర ఒక సాక్ష్యం. దీన్ని నేను చూశాను, వెండే అని చెబుతుంది. ఆజ్ఞ ఒక్కసారి చాలు, అందుకే సిడ్నీ డాలరు మీద హెన్షాల్ అచ్చు తప్ప ఇంకేం అక్కర్లేదు. సాక్ష్యం ఎంతమంది చెబితే అంత బలం, అందుకే కాంటన్ డాలరు మీద గుర్తులు పెరుగుతూ పోతాయి. సిడ్నీలో లెక్క చూడండి. వలయం 5 షిల్లింగులు, ముక్క 15 పెన్నీలు, రెండూ కలిపి 6 షిల్లింగుల 3 పెన్నీలు. సర్కారుకు ఆ డాలరు పడింది 4 షిల్లింగుల 9 పెన్నీల చొప్పున. పైన ఉన్న షిల్లింగున్నర వెండిలో లేదు, గవర్నరు మాటలో ఉంది. వలస దాటితే ఆ మాటకు విలువ లేదు కాబట్టి నాణెం దాటదు. దాటించకుండా చట్టం కూడా కాపలా కాసింది. రేవు వదిలే ఓడ కప్తాను ఈ నాణేలు తీసుకుపోనని 200 పౌన్లకు పత్రం రాసివ్వాలి. నకిలీ చేసినా కరిగించినా 7 ఏళ్ళ శిక్ష. కాంటన్ డాలరుకు ఏ పత్రమూ అక్కర్లేదు. అది పోవడానికే పుట్టింది, పోయిన చోటల్లా కొత్త సాక్షిని వెతుక్కుంది.

ఇంత తేడాలోనూ వీటి చుట్టరికం నన్ను ఎక్కువ ఆకట్టుకుంటుంది. మొదటిది, రెండు చోట్లా నాణెం చేసుకునే శక్తి లేకనో ఇష్టం లేకనో పరాయి రాజు టంకశాలను నమ్ముకున్నారు. సిడ్నీకి టంకశాల పెట్టుకునే స్తోమత లేదు. కాంటన్‌లో అంత వ్యాపారం ఉండీ రాజ్యం ఆ పనికి పూనుకోలేదు. అలాగే రెండు చోట్లా మోసగాడి నైపుణ్యమే కాపలాకు పనికొచ్చింది. హెన్షాల్‌కు అచ్చు చెక్కడం తెలిసింది నకిలీ నాణేలు చేసిన చేతితోనే. కాంటన్ షరాబు ఎంచడం నేర్చింది దొంగ నాణేలు కుప్పపోసుకుని కూర్చునే. ఈ విద్యకు ఎదురుగా నిలబడి నేర్చుకోదగ్గ గురువు మోసగాడే, ఆ మాట రెండు ఊళ్ళకూ తెలుసు.

రెండో చుట్టరికం ఇంతకన్నా లోతైనది. గవర్నరు మాట మీద నిలిచిందనుకున్న సిడ్నీ నాణెం నిజానికి నమ్మకమైన వెండి మీద కూడా నిలబడింది. రమ్ముకూ చేతిచీటీలకూ విసిగిన జనం, బెజ్జం పడ్డా ఇది పొటోసీ వెండేనని తెలిసే పుచ్చుకున్నారు. వలయం చుట్టూ స్పెయిన్ రాజు అక్షరాలు అలా మిగలడం వల్లే అది చెల్లింది. మాక్వారీ ఆ డాలర్లను కరిగించి కొత్త బిళ్ళలు పోయించి ఉంటే ఆ నమ్మకం మొదటి నుంచీ సంపాదించుకోవలసి వచ్చేది. అటుపక్క, వెండి తప్ప ఏమీ అక్కర్లేదనుకున్న చైనా బజారు రాజు ముఖానికి లొంగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. నాలుగో కార్లోస్ 1808లో సింహాసనం వదిలేశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆయన బొమ్మ ఉన్న డాలర్లకు చైనాలో వెండి విలువను మించి ధర పలికింది. బుద్ధుడి తల అని పిలుచుకుని మరీ ఏరి తీసుకున్నారు. షాంఘైలో 1850ల దాకా ఖాతా లెక్కలు ఈ కార్లోస్ డాలర్లలోనే నడిచాయి. స్పెయిన్‌లో రాజు మారాడు, మెక్సికో 1821లో స్వతంత్ర దేశమై గద్ద బొమ్మతో కొత్త నాణెం కొట్టింది, అందులోనూ వెండి తగ్గలేదు. అయినా బజారు పాత ముఖమే కావాలంది. ఏ సర్కారు ఆజ్ఞా లేకుండా వర్తకులే వెండి మీద పై విలువ కట్టారన్నమాట. సిడ్నీలో గవర్నరు చేసిన పనిని షాంఘైలో అలవాటు చేసింది.

ఆ షాంఘై బజారులో గాట్లు పడ్డ డాలరు చెల్లుబాటు కాలేదు, శుభ్రమైన ముఖమే కావాలన్నారు. ఒకే దేశంలో దక్షిణాన పూచీ అనిపించిన గుర్తు ఇంకో రేవులో లోపం అనిపించింది. దీన్ని ఎత్తి చూపి కాంటన్ పద్ధతిని తక్కువ చేసేవాళ్ళున్నారు. నాకది న్యాయంగా తోచదు. సాక్షి ఎవరో తెలిసిన చోటే సాక్ష్యానికి విలువ ఉంటుంది. కాంటన్ అంగడి గుర్తును చదవగలిగిన కళ్ళు షాంఘైలో తక్కువ. సిడ్నీ వలయం బ్రిటన్‌లో షిల్లింగుల లెక్కన చెల్లనట్టే ఇదీ. ఆజ్ఞకు సరిహద్దు ఉన్నట్టే సాక్ష్యానికీ ఒక సరిహద్దు ఉంది. ఒకటి గవర్నరు అధికారం ఆగే చోట ఆగుతుంది, రెండోది అంగడి పేరు వినబడని చోట ఆగుతుంది.

అమెరికా ట్రేడ్ డాలరు ఈ సంగతిని ఇంకా కరుకుగా చూపిస్తుంది. చైనా వ్యాపారం కోసమే 1873 నుంచి అమెరికా ముద్రించిన ఆ నాణెం కాంటన్ చేరి యథాప్రకారం గాట్లు తిన్నది. స్వదేశంలో 1876లో దాని చట్టబద్ధమైన చెల్లుబాటు తీసేశారు. చివరకు 1887లో ట్రేడ్ డాలర్లను వెనక్కి తీసుకుని మార్పిడి చేయడానికి అమెరికా కాంగ్రెస్ ఆరు నెలల గడువిచ్చింది. ఒక షరతు పెట్టింది: గాట్లుగానీ ముద్రలుగానీ పడినవి చెల్లవు. కాంటన్‌లో పదిమంది షరాబులు వెండేనని పూచీ పడ్డ నాణెం వాషింగ్టన్‌లో ఆ పూచీ కారణంగానే తిరస్కారానికి గురైంది. రెండు సంప్రదాయాలూ ఎదురుపడి ఒకదాన్నొకటి చదవలేకపోయిన ఘట్టమిది. ఎవరిది తప్పని అడిగితే నేను తీర్పు చెప్పలేను. ఏ సర్కారూ తన నాణెం మీద ఇతరుల సంతకాన్ని ఒప్పుకోదు, ఏ అంగడీ తను ఎంచని నాణేన్ని పెట్టెలో వేసుకోదు.

మనీలా సంగతి కాస్త చెప్పాలి, అక్కడ పైముద్రకు డబ్బుతో దాదాపు సంబంధమే లేదు. అమెరికా ఖండపు స్పానిష్ వలసలు ఒక్కొక్కటే తిరగబడి స్వతంత్రమయ్యాక, పెరూ, మెక్సికో నాణేలు స్వేచ్ఛ గురించిన మాటలతో ఫిలిప్పీన్స్‌లోకి రావడం మొదలైంది. వెండి కావాలి, ఆ మాటలు మాత్రం స్పెయిన్ ఏలుబడిలో ఉన్న జనం కంటబడకూడదు. 1828లో మనీలా అధికారులు ఆ నాణేల మీద ఏడో ఫెర్నాండో రాజు పేరిట చెల్లుబాటు అయినదని పెద్ద అచ్చు కొట్టించారు. అంత పెద్ద ముద్ర వేయడం కష్టమై 1832 నుంచి రాజు పేరు పొడి అక్షరాలు, కిరీటం మాత్రం చిన్నగా కొట్టారు. రాజు చనిపోయాక 1834 నుంచి రెండో ఇసబెల్ పేరు. మాజీ వలసల స్వాతంత్ర్యాన్ని స్పెయిన్ గుర్తించే రోజు వచ్చాక 1837లో ఆపేశారు. శాతకర్ణి గెలిచినవాడి ముద్ర వేశాడు. మనీలాలో వేసింది ఓడిపోయినవాడి ముద్ర. ఆ నాణేలు చూస్తే నాకు జాలి కలుగుతుంది.

ఆజ్ఞ, సాక్ష్యం అన్న నా విభజనకు లొంగని నాణెం కూడా ఒకటుంది, దాన్ని దాచిపెట్టడం నాకిష్టం లేదు. 1897లో జపాన్ బంగారు ప్రమాణానికి మారినప్పుడు, వెనక్కి వచ్చిన వెండి యెన్ల మీద వృత్తంలో ఒకే ఒక్క అక్షరం కొట్టి తైవాన్ వంటి చోట్ల చెలామణికి పంపింది. ఆ అక్షరానికి అర్థం వెండి. ముద్ర వేసింది సర్కారు, చెప్పింది మాత్రం షరాబు చెప్పే మాట. మీ చేతిలో ఉన్నది వెండి, ఇక దీన్ని బంగారు యెన్‌గా మా దగ్గరికి తేవద్దు అని. ఆజ్ఞ ఇవ్వడానికి ఇష్టం లేని సర్కారు సాక్షి స్థానంలోకి జరిగిపోయింది. నేను చూసిన పైముద్రల్లో ఇంత క్లుప్తమైనది ఇంకోటి లేదు.

రెండు డాలర్లూ ముగిసిన తీరు కూడా చూడదగ్గదే. సిడ్నీ వలయం బతికింది పదిహేనేళ్ళు. 1817లో మాక్వారీ అండతో న్యూ సౌత్ వేల్స్ బ్యాంకు పుట్టింది. 1822 నుంచి వలయాలనూ ముక్కలనూ వెనక్కి తీసుకోవడం మొదలైంది. బ్రిటిష్ వెండి నాణేలే అన్ని వలసల్లో చెల్లాలన్న విధానం వచ్చాక 1829లో వీటి చెల్లుబాటు పూర్తిగా రద్దయింది. వెనక్కి వచ్చినవన్నీ మూసకు పోయాయి. సుమారు 300 వలయాలు, 1,000 ముక్కలు మిగిలాయని లెక్క. కాంటన్ అలవాటు మాత్రం మెల్లగా, దశాబ్దాల పాటు సన్నగిల్లింది. హాంకాంగ్‌లో 1866లో పెట్టిన టంకశాల రెండేళ్ళకే మూతపడింది, దాని యంత్రాలు జపాన్‌కు పోయాయి. 1889 ప్రాంతంలో కాంటన్‌లోనే చైనా సొంత టంకశాల డ్రాగన్ డాలర్లు మొదలుపెట్టింది. 1895 నుంచి బ్రిటిష్ ట్రేడ్ డాలర్లు హాంకాంగ్, మలయా రేవులకోసం ప్రధానంగా మన బొంబాయి టంకశాలలో, కలకత్తాలో అచ్చయ్యాయి. వాటి మీద కూడా గాట్లు కనిపిస్తాయి. బొంబాయి వెండిని కూడా కాంటన్ షరాబు ఉట్టినే నమ్మలేదు. 1914లో యువాన్ షికాయ్ బొమ్మతో వచ్చిన డాలరు దేశమంతటా ఒకే తీరుగా చెల్లడం మొదలయ్యాక ఉలికి పని తగ్గింది. 1935లో చైనా వెండి ప్రమాణాన్నే వదిలేసింది.

ఇప్పుడు వేలంపాటల్లో సిడ్నీ వలయానికి ఒక ఇంటి ధర పలుకుతుంది. గాట్ల డాలర్లను కలెక్టర్లు చాలాకాలం పాడైన నాణేల పెట్టెలో వేశారు, వాటి కోసమే వెతికేవాళ్ళు ఈమధ్యనే పెరిగారు. అరుదైనదానికి ధర ఎక్కువ పలకడంలో వింత లేదు, అది నాకు సమ్మతమే. పాడైనదన్న మాట మాత్రం సమ్మతం కాదు. నడుమ ముక్క కోసి తీసిన నాణేన్ని జాతీయ సంపద అని అద్దాల పెట్టెలో పెట్టి, పదిమంది మనుషులు పేరు పెట్టి పూచీ పడ్డదాన్ని దెబ్బతిన్నది అంటే, రాజు చేయి తప్ప ఇంకో చేయి కంటికి ఆనడం లేదన్నమాట. రెండూ వెండిని నమ్మదగ్గదిగా చేయడానికి మనుషులు పడ్డ పాట్లే.

ఈ రెండింటికీ నడుమ పెట్టదగ్గ నాణెం ఒకటి మన దగ్గరే ఉంది. 1807–08 ప్రాంతంలో మద్రాసు టంకశాల వెండి అర వరహాలు ముద్రించింది. ఒక వైపు చుక్కల నడుమ గాలిగోపురం, ఇంకోవైపు విష్ణువు. చుట్టూ ఇంగ్లీషు, పారశీ, తమిళం, తెలుగు అక్షరాలు. తెలుగులో అర పూవరహా అని ఉంటుంది. వీటిలో కొన్నిటిని స్పానిష్ డాలర్ల మీదే కొట్టారు, అడుగున పాత ముద్ర ఛాయలు గోపురం పక్కన లీలగా కనిపిస్తాయి. ఇది సిడ్నీ దారిదే, కాకపోతే ఇంకా కచ్చితమైనది: బెజ్జం పెట్టి సగం మిగల్చడం కాదు, రాజు ముఖాన్ని మొత్తం కప్పేయడం. అయినా ఆ అర వరహా బజారుకు వచ్చాక షరాబు చేతిలో పడక తప్పలేదు. వరహాల లెక్క పోయి రూపాయి ప్రమాణం మద్రాసులో 1818లో వచ్చింది, కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి 1835లో వచ్చింది. అప్పటిదాకా నాలుగు భాషల్లో ధర రాసి ఉన్న నాణెం కూడా వట్టం లెక్క లేకుండా చేతులు మారలేదు. ఆ అర వరహాలు కొట్టిన నాలుగైదేళ్ళకే మద్రాసు నుంచి 40,000 డాలర్లు సమరాంగ్ ఎక్కాయి. వాటి మీద గోపురం పడలేదు, తెలుగు అక్షరం పడలేదు. స్పెయిన్ రాజుల ముఖాలతో అలాగే వెళ్ళి, ఆ మరుసటి ఏడాది హెన్షాల్ అచ్చు కింద పడ్డాయి.